అప్పు అడిగినందుకూ ఒక పద్దు: కారు లోను, క్రెడిట్ స్కోరుల చరిత్ర



ఈ ప్రత్యేక సంచికకు చరిత్రకు సంబంధించిన వ్యాసం ఒకటి రాయమని సంపాదకవర్గం వారు కోరారు. శాసనాల గురించి, కోటల గురించి రాయగల పెద్దలు మన సంఘంలో ఎందరో ఉన్నారు. నేను ముప్పై ఆరేళ్లు రిజిస్టర్లతో కాపురం చేసి 2008లో రిటైరైన గుమస్తాను. కనుక నాకు కొంత పరిచయమున్న వస్తువునే ఎంచుకున్నాను. ఇది రాజుల చరిత్ర కాదు, ఒక పద్దు చరిత్ర.

మన నెలవారీ సమావేశాలలో డి.ఆర్. బకాయిలు, హెల్త్ కార్డుల ముచ్చట ముగిసిన తరువాత ఈమధ్య ఎక్కువగా వినబడుతున్న మాట సిబిల్ స్కోరు. కొడుకు కారు కొనుక్కుంటానంటే తండ్రి పెన్షను కూడా ఆదాయం కింద చూపించి, తండ్రి చేత సంతకం పెట్టించడం మామూలైంది. ఆ తరువాత ఎప్పుడో తండ్రికి సొంత అవసరం వచ్చి బ్యాంకుకు వెళితే, "మీ పేరు మీద చాలా ఎంక్వయిరీలు ఉన్నాయండీ" అంటున్నారు. ఎంక్వయిరీ అనగానే మనవాళ్లకు ఛార్జి మెమో గుర్తుకు వచ్చి గుండె గుభేలుమంటుంది. "అప్పు తీసుకోలేదు, ఎగ్గొట్టలేదు, ఊరికే అడిగాం. అడిగినంత మాత్రానికే మార్కులు తగ్గించడం ఏం న్యాయం?" అని ఒక మిత్రుడు నిలదీశారు. ఆ ప్రశ్నకు ఒక్క మాటలో జవాబు దొరకదు. ఆ పద్దు ఎక్కడ పుట్టింది, ఎందుకు పుట్టింది, ఎలా పెరిగింది అనేది తెలిస్తే జవాబు దానంతటదే తెలుస్తుంది.

పరపతి అనే మాట

మన భాషలో అప్పు పుట్టే శక్తికీ, నలుగురిలో ఉండే పలుకుబడికీ ఒకటే మాట ఉంది. అది పరపతి. ఊళ్లో సహకార పరపతి సంఘం అంటే అప్పులిచ్చే సంఘం. ఫలానా వారికి పరపతి ఉంది అంటే ఆయన మాట చెల్లుతుందని అర్థం. ఈ రెండు అర్థాలూ ఒకే మాటలో ఇమిడి ఉండటం ఊరికే జరగలేదు. పాతకాలంలో అప్పిచ్చే షావుకారు, తీసుకునే రైతు ఒకే ఊరివాళ్లు. ఎవరి పొలం ఎంత, ఎవరి మాట నిలకడ ఎంత అనేది షావుకారు మనసులోనే ఉండేది. ఒకడు ఒకే వారంలో నలుగురు షావుకార్ల గడప తొక్కాడంటే ఆ సంగతి సాయంత్రానికి రచ్చబండ దగ్గరకు చేరేది. అంటే అడిగినందుకు పద్దు అప్పుడూ ఉంది. కాకపోతే కాగితం మీద లేదు, జనం నోట్లో ఉండేది.

మన ప్రభుత్వ కార్యాలయాలలో పద్ధతి వేరు. నేను 1980 దశకంలో కొంతకాలం ఒక జిల్లా కార్యాలయంలో అడ్వాన్సుల సీటు చూశాను. మోటారు సైకిల్ అడ్వాన్సు, కారు అడ్వాన్సు, ఇంటి అడ్వాన్సు అన్నీ ఆ సీటుకే వచ్చేవి. దరఖాస్తు రాగానే తపాలాలో నమోదై, కరెంటు నంబరు పడి, పర్సనల్ రిజిస్టరులోకి ఎక్కేది. బడ్జెటు కేటాయింపు వచ్చేదాకా వరుసలో ఉండేది. అగ్రిమెంటు, వాహనం తాకట్టు పత్రం, ఇన్సూరెన్సు అన్నీ చూసి మంజూరు చేస్తే, నెలనెలా పే బిల్లులో ముందు అసలు, అది తీరిన తరువాత వడ్డీ రికవరీ అయ్యేది. ఉద్యోగి బదిలీ అయితే బాకీ వివరం ఎల్.పి.సి.లో అతని వెంట వెళ్లేది. ఒక విధంగా చూస్తే మన ఎల్.పి.సి.యే మనకు తెలిసిన మొదటి క్రెడిట్ రిపోర్టు. అయితే అందులో తీసుకున్న అప్పే కనబడేది కాని, అడిగి దొరకని అప్పు కనబడేది కాదు. అందుకే అడిగినందుకు కూడా లెక్క ఉంటుందనేది మన తరానికి వింతగా తోస్తుంది.

న్యూయార్కు లెడ్జర్లు

ఈ లెక్కకు పుట్టిల్లు అమెరికా. 1837లో అక్కడ పెద్ద ఆర్థిక సంక్షోభం వచ్చి బ్యాంకులు, వ్యాపారాలు కుప్పకూలాయి. న్యూయార్కులో పట్టు వ్యాపారం చేసే లూయిస్ టప్పన్ కూడా దెబ్బ తిన్నాడు. ఈయన బానిసత్వ నిర్మూలన ఉద్యమంలో ముందు నిలిచిన వ్యక్తి. దూరప్రాంతాల వర్తకులకు అరువు మీద సరుకు ఇవ్వాలంటే వాళ్ల సంగతి ముందే తెలియాలి గదా అని ఆలోచించి, 1841లో మర్కంటైల్ ఏజెన్సీ అనే సంస్థను పెట్టాడు. ఊరూరా ఉన్న వకీళ్లు మొదలైన వారు అక్కడి వర్తకుల గురించి ఉత్తరాలు రాసేవారు. తరువాత దేశాధ్యక్షుడైన అబ్రహాం లింకన్ కూడా వకీలుగా ఉన్న రోజుల్లో అలా సమాచారం పంపినట్లు ఆ సంస్థ వారసులు చెప్పుకుంటారు.

వచ్చిన ఉత్తరాలను గుమస్తాలు చేతిరాతతో పెద్ద పెద్ద లెడ్జర్లలోకి ఎక్కించేవారు. తరువాత ఆర్.జి.డన్ పేరుతో నడిచిన ఈ సంస్థ లెడ్జర్లు 2,580 సంపుటాలు ఇప్పటికీ హార్వర్డ్ విశ్వవిద్యాలయపు బేకర్ గ్రంథాలయంలో భద్రంగా ఉన్నాయి. మన రికార్డు రూములు చూసినవారికి ఆ గుమస్తాల నడుములు ఎంత నొప్పి పెట్టి ఉంటాయో వేరే చెప్పనక్కరలేదు. మొదటి రోజుల్లో చందాదారు స్వయంగా ఆ కార్యాలయానికి వస్తే లెడ్జరులోని సంగతి చదివి వినిపించేవారు, కాగితం ఇచ్చేవారు కారు. ఎవరిని గురించి రాశారో ఆ మనిషికి మాత్రం చూపేవారు కారు. ఈ గుట్టు సంగతి గుర్తుంచుకోవాలి, మన కథకు అదే ముఖ్యం.

టప్పన్ లెడ్జర్లు వర్తకుల కోసం. మామూలు సంసారుల అరువు లెక్క తరువాత వచ్చింది. 1899లో అట్లాంటా నగరంలో కేటర్ వూల్ఫర్డ్, గై వూల్ఫర్డ్ అనే అన్నదమ్ములు రిటైల్ క్రెడిట్ కంపెనీ స్థాపించారు. కిరాణా కొట్లలో ఖాతా పెట్టుకునే వారి పేర్లు సేకరించి, వేళకు కట్టేవాడు, ఆలస్యం చేసేవాడు, నగదు మీదనే ఇవ్వదగినవాడు అని విభజించి పుస్తకం వేసి వ్యాపారులకు అమ్మారు. ఆ కంపెనీయే 1975లో పేరు మార్చుకుని ఈక్విఫాక్స్ అయింది. ఈ రోజు మన దేశంలో పని చేస్తున్న నాలుగు క్రెడిట్ సమాచార కంపెనీలలో ఆ పేరు గలది కూడా ఒకటి.

కారు వచ్చింది, వాయిదాలు వచ్చాయి

కిరాణా ఖాతాకూ కారు అప్పుకూ పోలిక లేదు. కారు ఖరీదు ఎక్కువ. కొన్న రోజు నుండే విలువ తగ్గుతుంది. పైగా తాకట్టు వస్తువుకు చక్రాలుంటాయి, అప్పు తీసుకున్నవాడు దానిలోనే ఎక్కి ఊరు దాటిపోగలడు. అందుకని బ్యాంకులు మొదట్లో కారు అప్పుల జోలికి రాలేదు. జనరల్ మోటార్స్ వారు 1919లో తమ కార్లు కొనేవారికి అప్పులివ్వడానికే ప్రత్యేకంగా ఒక కంపెనీ పెట్టారు. సుమారు మూడో వంతు ముందు కట్టి, మిగిలినది నెలసరి వాయిదాలలో తీర్చే పద్ధతి అది. హెన్రీ ఫోర్డుకు అప్పంటే గిట్టదు. 1923లో ఆయన కంపెనీ వారం వారం డబ్బు దాచుకుని, మొత్తం పోగైన తరువాతనే కారు తీసుకునే పథకం పెట్టింది. అది నడవలేదు. 1928లో ఫోర్డు వారు కూడా వాయిదాల దారికే వచ్చారు. అప్పటికే అమెరికాలో కార్లు ఎక్కువ భాగం అప్పు మీదనే అమ్ముడుపోతున్నాయి.

కారు కొనేవాడు షోరూముకు కొత్తవాడు, అప్పిచ్చేవాడికి అంతకన్నా కొత్తవాడు. అందువల్ల ప్రతి దరఖాస్తుకూ ఒక విచారణ జరగవలసి వచ్చింది. షోరూమువారు ఊళ్లోని క్రెడిట్ బ్యూరోకు ఫోను చేస్తే అక్కడి గుమస్తా కార్డు తీసి చదివి చెప్పేవాడు. కారు సామాన్యుని గుమ్మంలోకి రావడంతోపాటు సామాన్యుని పరపతి కూడా కార్డులోకి ఎక్కింది.

తాళం తీసిన చట్టం

1960 దశకం నాటికి ఆ కార్డులలో బాకీల లెక్కలే కాక ఇరుగుపొరుగుల మాటలు కూడా చేరాయి. ఫలానావాడు తాగుతాడా, ఇల్లు శుభ్రంగా ఉంచుకుంటాడా, నడవడిక ఎలాంటిది అని అడిగి రాసుకునేవారు. అప్పు ఎందుకు ఇవ్వలేదో, ఇన్సూరెన్సు ఎందుకు రాలేదో దరఖాస్తుదారుకు తెలిసేది కాదు. ఫైలులో తప్పు ఉన్నా దిద్దించుకునే దారి లేదు. అమెరికన్ కాంగ్రెసులో దీనిపై విచారణలు జరిగాయి. చివరకు 1970 అక్టోబరు 26న ఫెయిర్ క్రెడిట్ రిపోర్టింగ్ యాక్టు వచ్చింది. మరుసటి ఏడాది ఏప్రిల్ నుండి అమలైంది.

మన సర్వీసులో కాన్ఫిడెన్షియల్ రిపోర్టుల సంగతి గుర్తు చేసుకోండి. పై అధికారి ఎర్రసిరాతో ఏదో రాస్తాడు, ప్రమోషను ఆగుతుంది, కారణం తెలియదు. వ్యతిరేక వ్యాఖ్యలు ఉద్యోగికి తెలియజేయాలి అనే సూత్రం కోసం ఎందరు కోర్టుల చుట్టూ తిరిగారో మనకు తెలుసు. 2008లో దేవ్ దత్ కేసులో సుప్రీంకోర్టు మంచివైనా చెడ్డవైనా అన్ని గ్రేడింగులూ ఉద్యోగికి తెలియజేయాలని చెప్పింది. 1970 నాటి అమెరికన్ చట్టం క్రెడిట్ ఫైలు విషయంలో చేసినది ఇంచుమించు అటువంటి పనే. ఫైలులోని సారాంశం తెలుసుకునే హక్కు, తప్పు ఉంటే వివాదం పెట్టే హక్కు ఇచ్చింది. రిపోర్టు కారణంగా అప్పు నిరాకరిస్తే ఆ సంగతి చెప్పాలన్నది. వీటితోపాటు, గడచిన ఆరు నెలల్లో ఆ ఫైలును ఎవరెవరికి ఇచ్చారో కూడా వివరం చెప్పాలన్నది.

ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. ఎవరెవరికి ఇచ్చారో చెప్పాలంటే, ఎవరు అడిగారో, ఎప్పుడు అడిగారో బ్యూరో తప్పనిసరిగా నమోదు చేసుకోవాలి. అదే ఎంక్వయిరీ పద్దు. చట్టం దృష్టిలో అది మనిషిని శిక్షించడానికి కాదు, మన ఫైలును ఎవరు తెరిచారో మనకు తెలియడానికి. రికార్డు రూములో ఫైలు ఇచ్చేటప్పుడు తీసుకున్నవారి చేత సంతకం పెట్టించుకునే రిజిస్టరు లాంటిదన్నమాట. ఆ రిజిస్టరులో పేర్లు ఉండటం ఫైలు యజమానికే రక్ష.

గుమస్తా స్థానంలో లెక్క

అలాంటి పద్దు స్కోరులోకి ఎలా వచ్చింది? 1941లో డేవిడ్ డురాండ్ అనే ఆర్థికవేత్త వాయిదాల అప్పులను పరిశీలించి, మంచి బాకీదారుకూ చెడ్డ బాకీదారుకూ తేడాను గణాంకాలతో పట్టవచ్చునని చూపాడు. ఆయన పరిశీలించిన వాటిలో కారు అప్పులు కూడా ఉన్నాయి. 1956లో కాలిఫోర్నియాలో బిల్ ఫెయిర్ అనే ఇంజనీరు, ఎర్ల్ ఐజాక్ అనే గణితవేత్త చెరి 400 డాలర్లు వేసుకుని ఫెయిర్ ఐజాక్ కంపెనీ పెట్టారు. తమ స్కోరు పద్ధతిని వివరిస్తూ 1958లో 50 అప్పుల సంస్థలకు ఉత్తరాలు రాస్తే, జవాబిచ్చినది ఒక్కటే సంస్థ.

రోజులు మారాయి. 1974లో వచ్చిన చట్టం అప్పులివ్వడంలో ఆడ, మగ తేడా, పెళ్లి అయిందా లేదా అన్న తేడా చూపరాదన్నది. 1976లో జాతి, మతం, వయస్సు వంటివి కూడా ఆ జాబితాలో చేర్చారు. గుమస్తా మనసులోని ఇష్టాయిష్టాలకు తావు తగ్గాలంటే లెక్కే శరణ్యమని సంస్థలు భావించాయి. 1989లో ఫెయిర్ ఐజాక్ వారు అన్ని సంస్థలకూ పనికివచ్చే ఫైకో స్కోరును తెచ్చారు. 300 నుండి 850 వరకు ఉంటుంది.

ఆ స్కోరులో పాళ్లు ఇలా ఉంటాయి. వేళకు కట్టిన చరిత్రకు 35 శాతం. ఉన్న బాకీల మొత్తానికి 30 శాతం. ఖాతాల వయస్సుకు 15 శాతం. కొత్తగా అడుగుతున్న అప్పులకు 10 శాతం. అప్పుల రకాలకు 10 శాతం. మన ఎంక్వయిరీ పద్దు ఆ నాలుగవ దానిలో ఒక భాగం మాత్రమే. లెక్క కట్టినవారు చెప్పే కారణం ఇది: గణాంకాల ప్రకారం, కొద్దికాలంలో ఆరు లేక అంతకన్నా ఎక్కువ ఎంక్వయిరీలున్నవారు దివాలా తీసే అవకాశం, అసలు ఎంక్వయిరీలు లేనివారికన్నా ఎనిమిది రెట్ల వరకు ఎక్కువగా ఉంటుంది. ఒకే వారంలో నలుగురు షావుకార్ల గడప తొక్కినవాడి గురించి రచ్చబండ మీద అనుకునే మాటే ఇది. కంప్యూటరు దానికి అంకె వేసింది, అంతే.

అయితే శిక్ష ఎంత? ఫైకో వారే చెప్పేదాని ప్రకారం ఒక ఎంక్వయిరీ వల్ల చాలామందికి 5 పాయింట్ల లోపే తగ్గుతుంది. అది రిపోర్టులో 2 సంవత్సరాలు కనబడుతుంది. స్కోరు లెక్కలో మాత్రం 12 నెలలే ఉంటుంది. మన భాషలో చెప్పాలంటే ఎల్.డిస్. వేసిన కాగితం వంటిది, ఏడాది తరువాత దానికి విలువ లేదు. అదే అమెరికాలో దివాలా నమోదైతే డి.డిస్. కాగితంలా పదేళ్ల వరకు రిపోర్టులో ఉండవచ్చు. ఈ రెంటినీ ఒకే గాటన కట్టి భయపడరాదు.

షోరూములో పలువురు ఫైనాన్సర్లు

కారు అప్పుతో ఒక చిక్కు ఉంది. కారు ఒక్కటే, అప్పూ ఒక్కటే. వడ్డీ ఎక్కడ తక్కువో తెలియాలంటే నలుగురిని అడగాలి. షోరూములోని ఫైనాన్సు కౌంటరువారు కూడా ఒకే దరఖాస్తును నాలుగైదు సంస్థలకు పంపుతారు. ప్రతి సంస్థా ఫైలు తెరుస్తుంది. ప్రతి సారీ ఒక పద్దు పడుతుంది. ఈ లెక్కన వివేకంగా బేరమాడే మనిషి, దిక్కుతోచక పది చోట్ల అప్పు కోసం తిరిగే మనిషి ఇద్దరూ కంప్యూటరుకు ఒకేలా కనబడతారు. బేరమాడినవాడికి శిక్ష పడటం అన్యాయం గదా!

అమెరికాలో దీనికి మందు కనిపెట్టారు. ఫైకో లెక్కలో కారు అప్పు, ఇంటి అప్పు, విద్యా రుణాల కోసం కొద్ది రోజుల వ్యవధిలో జరిగిన ఎంక్వయిరీలన్నింటినీ ఒకే రకానికి ఒక్కటిగా లెక్కిస్తారు. పాత ఫైకో లెక్కల్లో ఆ గడువు 14 రోజులు, కొత్త వాటిలో 45 రోజులు. స్కోరు తీసే రోజుకు వెనుక 30 రోజులలో పడిన అటువంటి ఎంక్వయిరీలను అసలు పట్టించుకోరు. మూడు పెద్ద బ్యూరోలు కలిసి 2006లో తెచ్చిన వాంటేజ్ స్కోరులో ఆ గడువు 14 రోజులు. క్రెడిట్ కార్డుల దరఖాస్తులకు ఫైకో ఈ వెసులుబాటు ఇవ్వదు. ఎందుకంటే ఐదు కార్డులు అడిగితే ఐదూ రావచ్చు. ఐదు చోట్ల కారు అప్పు అడిగినా ఇంటికి వచ్చేది ఒకే కారు. అమెరికాలో ఉన్న మన పిల్లలు కారు కొనేటప్పుడు బేరసారాలన్నీ రెండు వారాలలో ముగించుకుంటే క్షేమమని పెద్దలు చెప్పవచ్చు.

అయితే ఈ 14, 45 రోజుల లెక్కలు అక్కడివి. మన స్కోరుకు వాటిని అన్వయించుకుని ధీమాగా ఉండరాదు.

మన దేశంలో

1983 డిసెంబరులో మొదటి మారుతి కారు రోడ్డెక్కినప్పుడు మన దేశంలో క్రెడిట్ బ్యూరో అనే మాటే లేదు. సరళీకరణ తరువాత వాహన రుణాలు, క్రెడిట్ కార్డులు పెరిగిన కొద్దీ దాని అవసరం తెలిసింది. రిజర్వు బ్యాంకు వేసిన సిద్దిఖీ కమిటీ సిఫారసుల మీద 2000లో సిబిల్ ఏర్పడింది. 2004లో వ్యక్తుల రిపోర్టులు ఇవ్వడం మొదలుపెట్టింది. 2005లో పార్లమెంటు క్రెడిట్ సమాచార కంపెనీల నియంత్రణ చట్టం చేసింది. అది 2006 డిసెంబరు 14 నుండి అమలులోకి వచ్చింది. 2007లో స్కోరు వచ్చింది. 300 నుండి 900 వరకు ఉంటుంది. తరువాత ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్ కంపెనీలు కూడా రంగంలోకి దిగాయి. అప్పులిచ్చే ప్రతి సంస్థా నాలుగు కంపెనీలలోనూ సభ్యత్వం తీసుకోవాలని 2015లో రిజర్వు బ్యాంకు ఆదేశించింది.

ఇక్కడ కూడా గుట్టు విప్పే చరిత్రే నడిచింది. 2017 జనవరి నుండి ఒక్కొక్క కంపెనీ ఏడాదికి ఒకసారి పూర్తి రిపోర్టును ఉచితంగా ఇవ్వాలన్నారు. 2023 అక్టోబరులో వచ్చిన ఆదేశాల ప్రకారం, ఎవరైనా మన రిపోర్టు తెరిస్తే ఫోను నంబరు, ఈ-మెయిల్ ఇచ్చి ఉన్నవారికి ఆ సమాచారం పంపాలి. ఫిర్యాదు 30 రోజులలో పరిష్కారం కాకపోతే ఆపై రోజుకు రూ.100 చొప్పున పరిహారం చెల్లించాలి. 2025 జనవరి 1 నుండి బ్యాంకులు నెలకు ఒకసారి కాక కనీసం పదిహేను రోజులకు ఒకసారి సమాచారం పంపాలన్న నియమం వచ్చింది.

మన పెన్షనర్లలో జీవితమంతా అప్పు చేయనివారు ఉన్నారు. అప్పు లేనివాడు అధిక బలుడని మన పెద్దల మాట. స్కోరు లెక్కలో మాత్రం అతడు బలుడూ కాదు, దుర్బలుడూ కాదు. చరిత్ర లేదు కనుక అంకె రాదు, అంతే. అలా చరిత్ర లేదన్న ఒక్క కారణంతో మొదటిసారి అడిగేవారిని తిరస్కరించరాదని రిజర్వు బ్యాంకు చెప్పిన సంగతిని 2025 ఆగస్టులో ఆర్థిక శాఖ సహాయమంత్రి లోక్ సభకు తెలియజేశారు.

ఒక మిత్రుని అనుభవం

మా కార్యాలయంలోనే పనిచేసి రిటైరైన మిత్రుడొకరు దసరా రోజుల్లో కొడుకు కారు లోనుకు సహ దరఖాస్తుదారుగా సంతకం పెట్టారు. షోరూమువారు పాన్, ఆధార్ నకళ్లు తీసుకుని నాలుగు రోజులలో ఐదు సంస్థలకు పంపారు. ఒకటి మంజూరు చేసింది. కారు వచ్చింది, గుమ్మడికాయ కొట్టారు, అంతా సంతోషం.

ఎనిమిది నెలల తరువాత ఆయన భార్యకు మోకాలి ఆపరేషను అవసరమైంది. పెన్షను ఖాతా ఉన్న బ్యాంకులో లోను అడిగితే, "ఒక్కసారిగా ఇన్ని చోట్ల అప్పు అడగవలసిన అవసరం ఏమొచ్చింది?" అన్నారు. కాగితం పక్కన పెట్టారు. ఆమె నడవలేక మంచం దిగడమే మానేసింది. మిత్రుడు దిగులుపడి నా దగ్గరకు వస్తే, మనవడి చేత ఉచిత రిపోర్టు తెప్పించి ఇద్దరం కూర్చుని పాత పద్ధతిలో వరుస వరుసా టిక్కు పెట్టుకుంటూ చదివాం. చివరి పేజీలలో ఎంక్వయిరీల పట్టిక ఉంటుంది. సంస్థ పేరు, తేదీ, దేని కోసం, ఎంత మొత్తం అని నాలుగు గడులు. ఐదు పద్దులు ఒకే వారంలో, ఒకే మొత్తానికి, కారు లోను అనే ఉన్నాయి. ఆ వివరం ఒక పేజీలో రాసి, కారు ఇన్వాయిసు, మంజూరు పత్రం జతపరచి మేనేజరుకు ఇచ్చాం. ఆయన చదివి, ఇది ఒకే అప్పు తాలూకు బేరమని గ్రహించి ఆ వారంలోనే లోను మంజూరు చేశారు. ఆపరేషను జరిగింది. ఆమె ఇప్పుడు గుడికి నడిచి వెళుతున్నారు.

కాని అదే పట్టికలో ఆరవ పద్దు ఒకటి ఉంది. కారు కొన్న మూడు నెలలకు, పర్సనల్ లోను అని, మిత్రుడు పేరైనా వినని ఒక సంస్థ నుండి. ఆయన పాన్ నకలు ఎవరి చేతిలోనో పడి, ఆయన పేరు మీద ఎవరో అప్పుకు ప్రయత్నించారన్నమాట. అది మంజూరు కాలేదు కాబట్టి సరిపోయింది. వెంటనే బ్యూరోకు, ఆ సంస్థకు ఫిర్యాదు రాశాం. నెల తిరగకుండా ఆ పద్దు తొలగించారు. ఎంక్వయిరీ పద్దే లేకపోతే ఆ దొంగ ప్రయత్నం మాకు తెలిసేదే కాదు.

మనం చేయవలసినవి

1. కారు షోరూములో ఫైనాన్సు కౌంటరువారికి కాగితాలు ఇచ్చే ముందు, ఏయే సంస్థలకు పంపుతారో అడిగి రాయించుకోండి. ముందుగా వడ్డీ రేట్లు నోటిమాటగా కనుక్కుని, రెండు మూడు చోట్లకే పంపమనండి.

2. ఖాళీ ఫారాల మీద సంతకం పెట్టకండి. పాన్, ఆధార్ నకళ్ల మీద తేదీ, ఏ పనికి ఇస్తున్నదీ అడ్డంగా రాసి సంతకం చేయండి. సర్వీసులో మనం చేయించిన పనే ఇది.

3. సహ దరఖాస్తుదారుగా ఉన్నా, జామీను ఉన్నా ఆ అప్పు మన రిపోర్టులో కూడా కనబడుతుంది. కొడుకు వాయిదా తప్పితే మచ్చ మనకూ పడుతుంది. ఎంక్వయిరీ వల్ల పోయేది కొద్దిపాటి, వాయిదా తప్పితే పోయేది చాలా ఎక్కువ.

4. మన రిపోర్టు మనం చూసుకుంటే స్కోరు తగ్గదు. నాలుగు కంపెనీల నుండి మూడు నెలలకొకటి చొప్పున తెప్పించుకుంటే ఏడాది పొడుగునా ఉచితంగా కాపలా కాసినట్లే.

5. మనకు తెలియని ఎంక్వయిరీ కనబడితే ఊరుకోకండి. రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి, నంబరు, తేదీ దగ్గర పెట్టుకోండి. 30 రోజులు లెక్కపెట్టండి.

6. పెద్ద అవసరం ముందున్నదని తెలిస్తే, దానికి ముందు కొన్ని నెలలు అనవసరమైన క్రెడిట్ కార్డులకు, ఫోనులో వచ్చే లోను ఆఫర్లకు సరే అనకండి.

చివరి మాట

అడిగినందుకు మార్కులు తగ్గించడం ఏం న్యాయం అని నిలదీసిన మిత్రునికి నా జవాబు ఇది. ఆ పద్దు మన మీద నేరం మోపడానికి పుట్టలేదు. రెండు తరాలకు పైగా జనం గురించి గుట్టుగా రాసుకున్న లెడ్జర్ల తాళం తీసినప్పుడు, ఫైలు ఎవరు తెరిచారో మనకు చెప్పడానికి చట్టం దానికి చోటు పెట్టింది. తరువాత లెక్కలవారు దానిని స్కోరులో కూడా వాడుకున్నారు. ఆ వాడుకలో కొంత మొరటుతనం ఉంది. బేరమాడేవాడిని, బాధలో ఉన్నవాడిని వేరు చేసే నియమం అమెరికాలో అంత స్పష్టంగా మన దేశంలో కూడా ప్రకటించాలని మన సంఘం తరఫున రిజర్వు బ్యాంకుకు ఒక వినతిపత్రం పంపితే బాగుంటుందని నా మనవి. అందుకు ముసాయిదా రాసే పని నాకు అప్పగిస్తే సంతోషంగా చేస్తాను. డ్రాఫ్టు పెట్టే అలవాటు ఇంకా పోలేదు.

అంతవరకు ఆ పద్దును చూసి భయపడకండి, చదవండి. మనలో చాలామంది జీవితమంతా ఇతరుల పద్దులు తప్పు లేకుండా రాశాం. ఈ వయస్సులో మన పద్దును మనం ఒకసారి సరిచూసుకోవడం పెద్ద పని కాదు.

ఇక సెలవు.

— విశ్రాంత సీనియర్ అసిస్టెంటు